కరివేపాకని తీసిపారేయకండి!

భోజనాలయ్యాక కంచాలు ఓసారి చూడండి. అన్నం మెతుకు మిగలకపోయినా, అంచున నాలుగు కరివేపాకులు మాత్రం కనిపిస్తాయి. పులిహోర నుంచి పప్పుచారు దాకా అది పడనిదే పోపు పూర్తి కాదు. తీరా తినేటప్పుడు ముందుగా ఏరి పక్కన పెట్టేదీ దాన్నే! అవసరం తీరాక పట్టించుకోకపోతే ‘కూరలో కరివేపాకులా తీసేశారు’ అని వాపోయేది అందుకే. కానీ ఆ ఆకులో ఏముందో తెలిస్తే ఏరేసే చెయ్యి కాస్త ఆగుతుంది.

వేప కాదు... నిమ్మ చుట్టం

పేరులో వేప ఉంది, ఆకూ అలాగే ఉంటుంది. నిజానికి కరివేపాకు నిమ్మ, నారింజ, మారేడు కుటుంబానికి చెందిన మొక్క. నిమ్మచెట్టు ఆకుల్ని తినేసే గొంగళిపురుగులు పెరట్లో కరివేప మొక్కనీ వదలకపోవడానికి కారణం ఈ చుట్టరికమే.

దీని శాస్త్రీయనామం ‘ముర్రయా కోయినిగి’. అందులోని కోయినిగ్ ఓ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త. 1768లో తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వచ్చి, దక్షిణాది మొక్కలను అధ్యయనం చేశాడు. ఆయన గురువైన లిన్నేయస్ 1771లో ఈ మొక్కకు శిష్యుడి పేరు పెట్టాడు. కోయినిగ్ 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు.

తారులో దొరికిందే చెట్టులోనూ!

కార్బజోల్ అనే రసాయనం పంతొమ్మిదో శతాబ్దంలోనే బొగ్గు తారులో దొరికింది. రంగుల తయారీలో వాడేవారు. ఆ కుటుంబానికి చెందిన పదార్థం చెట్టులోనూ ఉంటుందని లోకానికి తెలిసింది మాత్రం కరివేప వల్లే. 1965లో డి.పి.చక్రవర్తి బృందం ఈ చెట్టు బెరడు నుంచి ‘ముర్రయనిన్’ను వేరుచేసింది. మొక్కల్లో దొరికిన మొట్టమొదటి కార్బజోల్ ఆల్కలాయిడ్ అది. ఆ తర్వాత మహానింబిన్, గిరినింబిన్, కోయినింబిన్... ఇలా ఆకులు, బెరడు, వేళ్ల నుంచి ఎన్నో బయటపడ్డాయి. రసాయనాల పేర్లలోనూ మన ‘నింబ’ వినిపిస్తుండటం విశేషం.

మరి ఆ ఘుమఘుమ? ఆకులోని సుగంధ తైలంలో పైనీన్, క్యారియోఫిలీన్ లాంటివి ఉంటాయి. అయితే కరివేపాకుకే ప్రత్యేకమైన ఆ వాసనకు కీలకం గంధకం ఉన్న ఓ సమ్మేళనమని 2015లో జర్మనీ పరిశోధకులు తేల్చారు. ఈ వాసన పదార్థాలు తేలిగ్గా ఆవిరైపోతాయి. ఎండిన ఆకు చప్పగా అనిపించేది అందుకే. కాగిన నూనెలో వేస్తే కొంత పరిమళం నూనెలో కలిసి కూరంతటికీ పడుతుంది. కానీ పీచు, కాల్షియం ఆకులోనే ఉండిపోతాయి. ఆకు పారేస్తే అవీ పోయినట్టే!

మందా... ఆహారమా?

మహానింబిన్ వంటివి రక్తంలో చక్కెర, కొవ్వు తగ్గించడానికి తోడ్పడతాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. ప్రయోగశాలలో సూక్ష్మజీవుల్ని అడ్డుకోవడంలోనూ, యాంటీఆక్సిడెంట్లుగానూ ఇవి ఆశలు రేపాయి. అయితే ఆ ప్రయోగాల్లో వాడేది గాఢమైన సారం. మనం పోపులో వేసేది ఒక రెబ్బ. మనుషుల మీద పెద్దఎత్తున పరీక్షలు జరిగి మందుగా రుజువైంది మాత్రం లేదు. తెల్లజుట్టు నల్లబడుతుందన్న నమ్మకానిదీ అదే పరిస్థితి.

అసలు చిక్కు ఇక్కడే వస్తోంది. ‘పరగడుపున పది ఆకులు నమిలితే చాలు, షుగరు పోతుంది’ అన్న మాట నమ్మి కొందరు మాత్రలు మానేస్తుంటారు. తీరా చక్కెర పెరిగి కళ్లకో, మూత్రపిండాలకో ముప్పు వచ్చాక గానీ తప్పు తెలిసిరాదు. ఆకు తినడంలో తప్పులేదు, మాత్ర మానడమే తప్పు. షుగరుకు మందులు వాడేవారు రోజూ కషాయంలా, పొడిలా ఎక్కువ మోతాదులో తీసుకోవాలనుకుంటే ముందుగా డాక్టరుకు చెప్పాలి.

ఇలా తింటే మేలు

జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల ఆకులో కాల్షియం 650 మిల్లీగ్రాములకు పైనే. అదే వంద గ్రాముల ఆవుపాలలో 120 దాకా ఉంటుంది. విటమిన్-ఎగా మారే కెరోటిన్ కూడా పుష్కలం. అలాగని ఆకు పాలకు బదులు కాదు. ఎందుకంటే ఇందులోని ఆక్సలేట్లు కొంత కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పైగా వంద గ్రాముల ఆకు ఒక్కరోజులో ఎవరూ తినరు.

అందుకే మన పెద్దవాళ్లు చేసిన కరివేపాకు పొడి గొప్ప ఉపాయం. ఆకుల్ని కడిగి నీడలో ఆరబెట్టి, దోరగా వేయించాలి. వేయించిన మినప్పప్పు, ధనియాలు, ఎండుమిర్చి, కాస్త చింతపండు, ఉప్పు చేర్చి దంచితే పొడి సిద్ధం. ఇందులో ఏరేయడానికేమీ మిగలదు! పిల్లలైతే ఇడ్లీలో నంజుకుని ఇష్టంగా తింటారు. లేత ఆకును నూరి మజ్జిగలో కలిపినా సరే, పచ్చడి చేసినా సరే.

బజారులో కొన్న ఆకుకు పురుగుమందులు అంటి ఉండవచ్చు. ధారగా పడే నీటిలో రెండు మూడుసార్లు కడగడం మరవద్దు. వీలుంటే ఎండ తగిలే చోట కుండీలో ఒక మొక్క పెంచుకుంటే ఆ బెంగా ఉండదు. రేపటి భోజనంలో కంచం అంచున ఆకులు లేకుండా చూసుకోండి మరి!