విత్తనమును, నేలయును

పెద్దలు రాచపుండని పిలిచిన కాన్సరు పుట్టినచోటనే నిలిచియున్నచో పెక్కుమార్లు శస్త్రవైద్యునకు లొంగును. అది చోటు వీడి పయనించుటయే మిక్కిలి ప్రమాదకరము. రొమ్మున పుట్టిన వ్యాధి కాలేయమునందో, ఎముకలయందో, మెదడునందో వేరూనును. రక్తము సర్వాంగములకు చేరుచుండగా, ఈ వ్యాధి కొన్నింటినే యేల యెన్నుకొనును?

1889లో లండను శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్ ఈ ప్రశ్నను చేపట్టెను. రొమ్ము కాన్సరుతో మరణించిన 735 మంది వివరములను ఆయన పరిశీలింపగా, 241 మందికి కాలేయమునకును, 17 మందికి మాత్రమే ప్లీహమునకును వ్యాధి సోకియుండెను. రక్తప్రవాహ మొక్కటియే కారణమైనచో ఇంత భేద ముండరాదు. విత్తనము లన్నిదిక్కులకు పోయినను, తగిన నేలయందే మొలచునని ఆయన నిర్ణయించెను. మన రైతు లెరిగిన సత్యమే యిది. కాని ఆ నేల యేల తగినదగుచున్నదో నాటి సూక్ష్మదర్శిని చూపజాలకపోయెను.

నేడు మాంసకృత్తుల పరీక్ష కొంత చూపుచున్నది. మన ప్రేగులలో ఆహారమును జీర్ణింపజేయు ట్రిప్సిను అను ద్రవ్యముతోనే శాస్త్రజ్ఞులు మాంసకృత్తులను ముక్కలు చేయుదురు. ఆ ముక్కలకు విద్యుదావేశమిచ్చి, శూన్యమున పరుగెత్తించి, వాని ద్రవ్యరాశిని కొలుతురు. చిరిగిన యుత్తరపు ముక్కలనుబట్టి వ్రాసినవారిని గుర్తించినట్లు, ఆ కొలతలనుబట్టి కంప్యూటరు మూల మాంసకృత్తును గుర్తించును. పెద్ద యణువులు చెడకుండ ఇట్లు తూచు పద్ధతులను కనుగొనినందుకే జాన్ ఫెన్, కోయిచీ తనకా 2002లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగము పొందిరి.

2015లో న్యూయార్కునందలి వైల్ కార్నెల్ వైద్యకళాశాలకు చెందిన డేవిడ్ లైడెన్ బృందము ఈ పరీక్షను ఎక్సోసోములపై జరిపెను. ఇవి కాన్సరు కణములు విడుచు అతిసూక్ష్మమైన తిత్తులు. కణములకంటె ముందే దూరాంగములకు చేరి నేలను సిద్ధపరచును. వాని పైపొరయందలి ఇంటెగ్రిను లను మాంసకృత్తులు చిరునామావలె పనిచేయునని తేలెను. ఆల్ఫా 6 బీటా 4 రకము ఊపిరితిత్తులకును, ఆల్ఫా వి బీటా 5 రకము కాలేయమునకును దారిచూపెను. ఊపిరితిత్తులను చేరు తిత్తులను ముందుగా చిట్టెలుకల కెక్కింపగా, ఎముకలకు పోవలసిన కాన్సరు కణములు సైతము ఊపిరితిత్తులకు మరలెను. ఆ మాంసకృత్తుల నడ్డగింపగా వ్యాధివ్యాప్తి తగ్గెను.

చిట్టెలుకలలో ఫలించిన దెల్ల మానవులకు చికిత్స కాజాలదు. అయినను రక్తమునందలి ఈ చిరునామాను ముందే చదువగలిగినచో, వ్యాధి చేరకమునుపే వైద్యుడు ఆ యంగమును కనిపెట్టియుండవచ్చును. కలుపు పెరికివేసినంతనే సేద్యము ముగియదు, నేలనుగూడ కాచుకొనవలెను.