తండ్రి యొడి

సాయంకాలము తండ్రి వీధిగుమ్మము త్రొక్కగానే యింటిలోని యల్లరి యణగిపోవును. అంతదనుక కేరింతలు కొట్టుచున్న పిల్లలు పుస్తకములు ముందిడుకొని కూర్చుందురు. చిన్నవాడు తల్లి కొంగుచాటునకు జేరును. ఇది చూచి, తన యింట క్రమశిక్షణ గలదని గృహస్థు సంతసించును. ఇది క్రమశిక్షణ గాదనియు, పరాయితనమనియు మేము మనవి చేయుచున్నాము.

మన తండ్రులకు బిడ్డలపై ప్రేమ కొఱవడినదని యెవ్వరు ననజాలరు. కొడుకు చదువునకై పొలమమ్మినవారు, కూతురి పెండ్లికై యప్పులపాలైనవారు ప్రతి గ్రామమునను గలరు. కాని యా ప్రేమ ధనరూపమున వెల్లడియైనంతగా మాటలో, స్పర్శలో వెల్లడికాదు. ఉమ్మడి కుటుంబములలో పెద్దల యెదుట తన బిడ్డను తానెత్తుకొనుట యమర్యాదగా నెంచెడివారు. తండ్రి యెత్తుకొనకున్నను తాతయో, పెదతండ్రియో, మేనమామయో యెత్తుకొనెడివాడు. నేడా కుటుంబములు చాలవఱకు విడిపోయినవి. ఆ సంకోచము మాత్రము విడువలేదు. పట్టణమందలి రెండుగదుల యింట తండ్రియు నెత్తుకొననిచో మఱియొక పురుషుని చేయి యా బిడ్డకు దొరకదు.

శిశువు మమకారము పాలిచ్చు తల్లికే చెందునని పాశ్చాత్య పండితులును చిరకాలము తలచిరి. ఆంగ్ల వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచారోగ్య సంస్థకు వ్రాసిన నివేదికలో తల్లి సంరక్షణకే ప్రాధాన్యమిచ్చెను. తండ్రి తల్లికి అండగా నుండువాడు మాత్రమే. కాని 1964లో షాఫర్, ఎమర్సన్ అను పరిశోధకులు గ్లాస్గో నగరమున 60 మంది శిశువులను పరిశీలించి ప్రకటించిన ఫలితములు వేఱుగా నుండెను. పదునెనిమిది నెలలు నిండుసరికి వారిలో నూటికి సుమారు 75 మంది తండ్రియెడలను మమకారము పెంచుకొనిరి. ఎవరు పాలుపట్టిరి యనుదానికన్న, ఏడ్చినప్పుడెవరు పలికిరి, నవ్వినప్పుడెవరు నవ్విరి యనుదానినిబట్టియే శిశువు తనవారిని నిర్ణయించుకొనునని వారు గ్రహించిరి. 2011లో వెలువడిన ఫిలిప్పీన్సు దేశపు పరిశోధన మఱియొక వింత దెలిపినది. తండ్రులైన యువకుల దేహములలో టెస్టోస్టిరాన్ అను పురుష హార్మోను తగ్గెను. దినమునకు మూడు గంటలు, అంతకు మించియు బిడ్డను సాకువారిలో నది మఱింత తక్కువగా నుండెను. పురుషుని దేహమును ప్రకృతియే శిశుపోషణకు సిద్ధపఱచుచుండగా, 'మగవానికిది తగద'నుమాట ప్రకృతిది గాదు, మనది.

ఇది మనకు క్రొత్త యుపదేశమును గాదు. శాకుంతలము సప్తమాంకమున దుష్యంత చక్రవర్తి, సింహపుబిల్లను లాగుచున్న బాలుడు తన కుమారుడని యెఱుగకయే, వాని నెత్తుకొన దహదహలాడెను. నీతికారులును తండ్రికి మూడు విధులు చెప్పిరి: శైశవమున లాలన, బాల్యమున శిక్షణ, యౌవనమున మైత్రి. మనము నడిమిదానిని మాత్రము పట్టుకొని మొదటిదానిని స్త్రీలకు విడిచితిమి. మొదటిది లేనివానికి మూడవది యెట్లు దక్కును? పదునారేండ్ల కుమారుడు తన మనసులోని మాట చెప్పుటలేదని విచారించు తండ్రి, వాడు మూడేండ్లవాడై యుండగా తాను విన్న మాటలెన్ని యని తన్ను దాను ప్రశ్నించుకొనవలెను.

తండ్రి లేని బిడ్డ కొఱగాకపోవునని మేమనుటలేదు. భర్త మరణానంతరము సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూటి యిల్లు నడిపి పెంచిన బిడ్డయే ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారు. విధి తండ్రిని దీసికొనినప్పుడు తల్లి యిరువురి భారమును మోయును. తండ్రి యింటనే యుండగా నా భారమామెపై వేయుట యేమి న్యాయము?

దూరమున నుండక తప్పనివారును గలరు. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు బోయి, యేండ్లకొలది బిడ్డ ముఖము చూడనోచని తండ్రుల వ్యథ మే మెఱుగుదుము. అట్టివారికి నెహ్రూగారి దృష్టాంతము స్మరణీయము. 1930 మొదలు 1933 వఱకు ఆయన కారాగారమునుండియే యధికభాగముగా కుమార్తెకు వ్రాసిన 196 లేఖలు ప్రపంచచరిత్రగా బ్రసిద్ధి కెక్కినవి. నేడు చేతిలోని ఫోను ముఖమును గూడ చూపుచున్నది. పంపిన సొమ్ము లెక్క యడుగుటకే గాక, బిడ్డ యానాడేమి యాడెనో వినుటకును దాని నుపయోగింపవలెను.

ప్రభుత్వము చేయవలసినదియు గలదు. 1997లో కేంద్ర ప్రభుత్వోద్యోగులగు తండ్రులకు 15 దినముల సెలవు లభించెను. 2017 నాటి ప్రసూతి ప్రయోజనముల సవరణ తల్లుల సెలవును 26 వారములకు బెంచెను. తండ్రిని గూర్చి మాత్రము మౌనము వహించెను. స్వీడను 1974లోనే తలిదండ్రు లిరువురకును సెలవు హక్కు నిచ్చినను, తండ్రులు తమ వంతును చాలవఱకు తల్లులకే విడిచిరి. తుదకు 1995లో నొక మాసమును తండ్రికే ప్రత్యేకింపవలసివచ్చెను. చట్టము తలుపు తెఱవగలదు. లోనికి నడువవలసినవాడు తండ్రియే.

కనుక పాఠకులకు మా విన్నపము స్వల్పము. ఈ రాత్రి వార్తలను, లెక్కలను, వ్యాజ్యపు కాగితములను అరగంట ప్రక్కన నుంచుడు. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని యొక కథ చెప్పుడు. వాడు చెప్పునది వినుడు. మీరిచ్చు పొలమును వాడు రేపు అమ్ముకొనవచ్చును. ఈ యరగంట నెవ్వరికిని అమ్మజాలడు.