బొమ్మలకథకుని చిత్తుప్రతి

లెక్కల పుస్తకపు వెనుకపుటలలో బొమ్మలు గీచుకొను పిల్లవాడు ఇంచుమించు ప్రతి యింటను ఒకడుండును. నాలుగు గీతలలో తాతగారి ముక్కు, అయిదవ గీతతో మేష్టరుగారి బెత్తము. వెనుకనుండి ఎవరైన వచ్చిరా, పుస్తకము చప్పున మూయును. తిట్టుదురను భయము కొంత, నవ్వుదురను సిగ్గు కొంత. అట్టి పిల్లలలో కొందరు విడిబొమ్మలతో తృప్తిపడక, పుటను గడులుగా గీచి, గడిగడికి కథ నడిపి, పాత్రల నోట మాటలు పెట్టి బొమ్మల కథలే తయారుచేయుదురు. వారు ఆ విద్యను ఎట్లు నేర్చుకొందురు? గీచినదానిని ఎవరికి చూపవలెను? పూర్తియైన పిదపనా, సగములోనా?

బొమ్మలను గూర్చి రేడియోలో ప్రసంగించుట, అద్దము లేని చోట ముఖాలంకరణమును గూర్చి మాటలాడుట వంటిదని మా మిత్రుడొకరు పరిహసించిరి. కాని మేము చెప్పబోవునది బొమ్మ చదువరి కంట పడకముందు జరుగు పనిని గూర్చి గనుక, ఆ లోపము అంతగా బాధింపదని మా ధైర్యము.

అచ్చైన బొమ్మలకథ చదువుటకు ఎంత తేలికయో, తయారుచేయుట అంత బరువు. జపాను దేశమున ఈ కథలను మాంగా అందురు. అక్కడి చిత్రకారుడు మొదట చిత్తుకాగితములపై కథనంతయు గడులుగా పంచుకొనును. ఏ గడిలో ఎవరు నిలుతురు, ఎవరేమందురు, ఏ గడి పెద్దది, ఏది చిన్నది, పుట త్రిప్పగానే కంటికి తగులవలసినదేది, ఇదంతయు ఈ చిత్తులోనే తేలవలెను. ఇందు మనుష్యులకు ముఖములుండవు. సున్నాలే తలలు, పుల్లలే కాళ్లుచేతులు. దీనిని వారు 'నేము' అందురు. సంపాదకుడు దీనిని చూచి సమ్మతించిన పిమ్మటనే మంచి కాగితముపై పెన్సిలు గీతలు. వానిపై పాళీని సిరాలో ముంచి గీచుట. సిరా ఆరిన పిదప పెన్సిలు గీతలను రబ్బరుతో తుడుచుట. తప్పులపై తెల్లరంగు పూయుట. అచ్చుపుటలో ఆ తుడిచిన గీతల జాడయే యుండదు. కావున అచ్చుపుస్తకములను మాత్రమే చూచి ఈ విద్య నేర్వబూనినవాడు, విస్తరిలోని కూర రుచిచూచి వంట నేర్వబూనినవాని వంటివాడు. అతనికి కావలసినది వంటయింటిలోనికి ప్రవేశము.

అట్టి ప్రవేశమును తమకు తామే కల్పించుకొనిన కొందరు యువకుల వృత్తాంతము జపానులో కలదు. 1947 జూలైలో మదరాసు నుండి 'చందమామ' మొదటి సంచిక వెలువడిన సంగతి మన పాఠకులెరుగుదురు. ఆ సంవత్సరము డిసెంబరులోనే తోక్యో నగరమున కెనిచి కాతో అను సంపాదకుడు 'మాంగా షోనెన్' అను బాలుర మాసపత్రికను స్థాపించెను. అప్పటికి యుద్ధము ముగిసి రెండేండ్లు దాటినది. ఆ పత్రికలో ఒసాము తెజుకా గీచిన అడవి సింహము కథ 1950 నుండి ధారావాహికముగా వెలువడెను. తెజుకా వైద్యవిద్య చదువుచునే బొమ్మలకథలలో పేరు గడించిన యువకుడు. 1952 నుండి అతడు ఆ పత్రికలోనే బొమ్మలకథల పాఠములు సైతము నడిపెను.

అయినను మా దృష్టిలో ఆ పత్రిక చేసిన గొప్పమేలు మరియొకటి. పాఠకులు పంపిన బొమ్మలకథలలో మంచివానిని అచ్చువేసి, తరువాతి శ్రేణిలో మెచ్చదగినవారి పేర్లను ప్రకటించెడివారు. తన పేరు అచ్చులో చూచుకొన్న పల్లెటూరి బాలునికి ఆ ప్రక్కనే తనవంటివారి పేర్లు మరికొన్ని కనబడెను. దేశములో తానొక్కడే వెఱ్ఱివాడు కాడని అతనికి తెలిసినది.

ఈశాన్య జపానులో మియాగి అను ప్రాంతము కలదు. అందొక చిన్న ఊరిలో 1938లో జన్మించిన షోతారో ఒనోదెరా అను విద్యార్థి అట్టి బాలుడు. ఊరి పేరునే కలము పేరుగా గైకొని ఇతడు తరువాత ఇషినోమోరి యని ప్రసిద్ధుడయ్యెను. ఆ పత్రికలో తరచు పేర్లు వెలువడువారిని కూడగట్టి, ముఖాముఖి ఎరుగని మిత్రులతో ఒక సంఘము నిర్మించి, వారిచే ఒక వ్రాతపత్రిక నడిపించెను. దాని పేరునకు 'ఒక్క సిరాచుక్క' యని యర్థము. మన విద్యార్థి వసతిగృహములలో నడచిన వ్రాతపత్రికలను చూచినవారికి దాని రూపము సులభముగా బోధపడును. సభ్యులు తాము గీచిన అసలు పుటలనే పంపుదురు. వానినన్నిటిని ఒక్కటిగా కుట్టి టపాలో మొదటి సభ్యునకు పంపుదురు. అతడు చదువుకొని రెండవవానికి, అతడు మూడవవానికి. ప్రతి యొక్కటే, నకలు లేదు. టపాలో పోయినదా, అందరి కష్టమును పోయినట్లే. తోక్యోలో ఒక రసాయన కర్మాగారమున పనిచేయుచుండిన ఫుజియో అకత్సుకా యను యువకుడు సైతము ఈ సంఘమున చేరెను.

ఈ యేర్పాటులోని విశేషమును కొంచెము నిదానించి చూడవలెను. అచ్చు బొమ్మవలె గాక, అసలు పుటను చేత పట్టుకొనినవానికి తెల్లరంగు పూసిన చోటు తెలియును, సరిగా తుడువని పెన్సిలు గీత కనబడును, పాళీ ఎక్కడ తడబడినదో తెలియును. తాను ఏ చోట చిక్కుపడుచున్నాడో అచటనే దూరపు ఊరిలోని మరియొకడు ఎట్లు దాటినాడో కంటితో చూడవచ్చును. ఇక విమర్శ చేయువాడును గీచువాడే. మన యిండ్లలో పిల్లవాని బొమ్మకు దక్కునవి రెండే: 'భేష్' అను మెప్పు, 'చదువు మానివైచి ఈ పిచ్చిగీతలేమి' అను కసరు. రెంటిలోను వానికి పనికివచ్చు మాట యొక్కటియు లేదు. 'మూడవ గడిలో తలుపు కుడిప్రక్కనున్నది, నాలుగవ గడిలో ఎడమప్రక్కకు వచ్చినదేమి?' అని అడుగువాడు వానికి కావలెను. ఇందు మా యనుభవమును కొంత కలదు. మైకు ముందు చదువుటకు ముందు మా ప్రసంగముల చిత్తులను తోడివారికి చదివి వినిపించుట మా యలవాటు. ఆ గంటసేపు మాకు కలుగు బాధను వర్ణింపము గాని, ఆ బాధలేక ప్రసారమైన ప్రసంగములు ఎట్లుండెనో మా శ్రోతలే చెప్పగలరు.

ఇషినోమోరి హైస్కూలులో నుండగనే తెజుకా అతని చేతి పనితనమును గుర్తించి తన 'ఆటం' కథకు సహాయము కోరెను. ఇది ఒక వైపు. పశ్చిమతీరపు తకావోకా పట్టణమున ఇద్దరు బాల్యస్నేహితులుండిరి. ఒకడు హిరోషి ఫుజిమోతో, రెండవవాడు మోతో అబికో. వీరును చేతివ్రాతతో పత్రికలు తయారుచేసికొనినవారే. 1951లో వీరి బొమ్మలకథ ఒక పిల్లల దినపత్రికలో మొదటిసారి అచ్చయ్యెను. మరుసటి యేట తాము గీచిన పుటలను మూటగట్టుకొని తెజుకా యింటికి పోయిరి. అతడు వారి పనిని మెచ్చుకొనెను. కాని వారికి నోట మాట రాకుండ చేసినది ఆ మెప్పు కాదు. తెజుకా ఒక పుస్తకమునకై సుమారు వేయి పుటలు గీచి, అందు సగమునకు పైగా విడిచివేసి, తక్కినది మాత్రమే అచ్చునకిచ్చియుండెను. ఆ విడిచిన పుటల దొంతరను వారు కన్నులార చూచిరి. అచ్చుపుస్తకమును వారు అంతకుముందు ఎన్నిమారులో చదివియుండిరి. అందు ఈ దొంతర యెక్కడను కనబడలేదు.

1952లో తోక్యో నగరమున తోషిమా ప్రాంతములో తోకివా-సో అను రెండంతస్తుల కొయ్యయిల్లు నిర్మించిరి. మీది యంతస్తులో చిన్నచిన్న అద్దె గదులు. ఒక్కొక్కటి తొమ్మిదడుగుల చదరము. వంటశాల అందరికి ఉమ్మడి. తెజుకా 1953లో అచట చేరెను. అదే సంవత్సరము చివర హిరో తెరాదా వచ్చెను. 1954లో తెజుకా వెడలిపోవుచు తన గదిని తకావోకా స్నేహితులిద్దరికిని వదలెను. వ్రాతబల్లను సైతము వారికే విడిచెను. ఆ గది అద్దె నెలకు మూడువేల యెన్‌లు. 1956లో ఇషినోమోరియు అకత్సుకాయు వచ్చి చేరిరి. టపాలో తిరిగిన చిత్తులు ఇప్పుడు నడవలో గదినుండి గదికి తిరుగసాగెను. 1958లో హిదేకో మిజునో అను యువతి వచ్చి కొన్ని నెలలు అచట నుండెను. అంతకుముందు ఆమె చేపలవలల కర్మాగారమున పనిచేయుచు బొమ్మలు గీచి పత్రికకు పంపినది. ఆమెయు ఇషినోమోరియు అకత్సుకాయు కలిసి ఒకే కలము పేరుతో కథలు గీచిరి. ఒకరు గీచిన ముఖమునకు మరియొకరు ఒడలు గీచుటకంటె దగ్గరి పరిచయము చిత్రకారులకు వేరొకటి యుండదు.

ఈ యిల్లు స్వర్గమని మేము చెప్పుట లేదు. 1955 నూతన సంవత్సరమునకు సొంత ఊరికి పోయిన తకావోకా స్నేహితులకు అచట చేయి కదలలేదు. ఒప్పుకొనిన కథలు పెక్కు, గడువులు దాటిపోయెను. చాల పత్రికలు వారిని విడిచిపెట్టగా ఇంచుమించు ఒక యేడు పనిలేక గడపిరి. ఆ యేటనే 'మాంగా షోనెన్' సైతము మూతపడెను. స్నేహితులెందరున్నను గడువునాటి రాత్రి పాళీ పట్టవలసినది తానొక్కడే.

అకత్సుకా సంగతి మరియు దైన్యము. కథలు అమ్ముడుపోక, ఈ వృత్తి విడిచి వేరు కొలువు చూచుకొందునని ఆలోచన చెప్పుమని ఒకనాడు తెరాదా గదికి పోయెను. తెరాదా ఆ యింటి యువకులలో పెద్దవాడు. అతడు అకత్సుకా పుటలను చదివి, ఒక్క కథలోనికి అయిదు కథల సరకు క్రుక్కినాడనియు, విడదీసి గీయుమనియు చెప్పెను. అంతట ఆగక ఏబదివేల యెన్‌లు చేతబెట్టి, ఈ సొమ్ము అయిపోవువరకైన గీయుచుండుమనెను. నెల యద్దె మూడువేలైన దినములలో ఏబదివేలు! మాకు ఆ సొమ్ముకంటె ముందు చెప్పిన మాటయే విలువైనదిగా తోచుచున్నది. ఆకలిగొన్న అకత్సుకాకు ఎట్లు తోచెనో! 1958లో ఒక పత్రికలో ఎవరిదో కథ రాక ఖాళీ పడగా, ఆ చోటున అతని హాస్యకథ యొకటి అచ్చయ్యెను. పాఠకులకు అది నచ్చి ధారావాహికమయ్యెను. జపానులో హాస్యపు బొమ్మలకథకు పెద్దగా పేరుపొందినవాడు తరువాత ఇతడే.

తక్కినవారి సంగతియు కొంత చెప్పవలెను. ఫుజిమోతో 1969 చివర ఆరంభించిన కథలోని నీలిరంగు యంత్రపు పిల్లి డోరేమాన్. టెలివిజను చూచు మన పిల్లలకు ఆ పేరు చెప్పనక్కరలేదు. ఇషినోమోరి 1998లో మరణించునాటికి గీచిన కథలు 770 అని గిన్నిస్ గ్రంథము లెక్కించినది. అతడు బొమ్మలకథల దారి పట్టుటకు తండ్రి ఒప్పుకొనలేదు. అక్క యోషియే అతని పక్షము వహించినది. ఉబ్బసముతో బాధపడుచున్న ఆమె తోకివా-సోలో తమ్మునితో కొంతకాలము నివసించి, 1958లో ఇరువది మూడవ యేట కన్నుమూసెను. తెరాదా తన కాలపు బొమ్మలకథల పోకడ రుచింపక 1973లో కుంచె విడిచెను. 1990లో ఒకమారు పాతమిత్రులందరిని తన యింటికి పిలిచి విందుచేసి పంపెను. 1992లో మరణించెను.

తోకివా-సోను 1982లో పడగొట్టిరి. 2020లో అదే ప్రాంతపు ఉద్యానవనమొకదానిలో ఆ యింటిని యథారూపముగా మరల కట్టి ప్రదర్శనశాలగా తెరచిరి. మెట్లు, నడవ, గదులు, వ్రాతబల్లలు పూర్వపు రీతినే అమర్చిరి. ఉమ్మడి వంటశాలను సైతము మరకలతో సహా దిద్దిరి. అందు గిన్నెలు కడుగు తొట్టి యొకటి కలదు. స్నానశాలకు పోవుటకు డబ్బులేని వేసవి దినములలో ఇషినోమోరియు అకత్సుకాయు అట్టి తొట్టిలోనే స్నానము చేసెడివారట.