కార్బన్ బాణమా? అల్యూమినియం బాణమా?

2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆ ముచ్చట పాఠం మధ్యలో చెబితే, మా చల్లపల్లి బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె బెల్లు కొట్టాక నా దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, నేనూ విల్లు పట్టాను. కార్బన్ బాణాలుంటేనే గురి కుదురుతుందంటున్నారు. అల్యూమినియం వాటికంటే వాటి ధర ఎన్నో రెట్లు ఎక్కువట. మా నాన్న కౌలుకు చేస్తాడు. ఎలా అడగను?"

"నాన్నను అడిగేముందు సైన్సును అడుగుదాం" అన్నాను.

బాణపు కాడకు రెండు గుణాలు కావాలి. తేలికగా ఉండాలి. వంగకుండా గట్టిగానూ ఉండాలి. ఘన సెంటీమీటరు ఉక్కు 7.85 గ్రాములు తూగితే, అల్యూమినియం 2.7 గ్రాములే తూగుతుంది. అయితే అల్యూమినియం దృఢత్వం కూడా ఉక్కులో మూడో వంతే. అంటే బరువుకు తగ్గ దృఢత్వం చూస్తే రెండూ ఇంచుమించు సమానమే! కార్బన్ సంగతి వేరు. వెంట్రుక కంటే ఎంతో సన్నని కార్బన్ పోగులను జిగురులాంటి రెజిన్‌తో కలిపి చేసిన పదార్థం ఘన సెంటీమీటరుకు సుమారు 1.6 గ్రాములే. పోగుల వెంబడి చూస్తే, అదే బరువుకు ఉక్కు కంటే దాదాపు మూడు రెట్లు దృఢం.

అందుకే పెద్ద పోటీల బాణాల్లో కొన్నింటికి లోపల సన్నని అల్యూమినియం గొట్టం, దానిపైన కార్బన్ పొర ఉంటాయి. కాడ సన్నబడింది కనుక పక్కగాలి దాన్ని తక్కువగా నెడుతుంది. కొన్ని రైఫిళ్లలోనూ ఇదే ఉపాయం. ఉక్కు గొట్టాన్ని పైన చెక్కి పలచన చేసి, కార్బన్ చుడతారు. బరువు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. కాని గుండును తిప్పి పంపే లోపలి గాడులు ఉక్కువే. గురి ముఖ్యంగా వాటి పనితనాన్ని బట్టే ఉంటుంది.

మరి బాణం గురి దేన్నిబట్టి ఉంటుంది? లెక్క వేద్దాం. ఒలింపిక్ పోటీలో లక్ష్యం 70 మీటర్ల దూరం. బాణం వేగం సెకనుకు 60 మీటర్లనుకుంటే ప్రయాణకాలం 1.17 సెకన్లు. గాలి నిరోధం లేదనుకుంటే, ఆ కాలంలో గురుత్వాకర్షణ దాన్ని 6.67 మీటర్లు కిందికి లాగుతుంది. విలుకాడు ఆ మేరకు పైకి గురిపెడతాడు. తరువాతి బాణం వేగం 59 మీటర్లే అయితే? అది 6.9 మీటర్లు దిగుతుంది. తేడా 23 సెంటీమీటర్లు! 10 పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లే. నడిమధ్యన తగలవలసిన బాణం 7 పాయింట్ల దగ్గర గుచ్చుకుంటుందన్నమాట.

విల్లు ఇచ్చే శక్తి మారకపోతే, 20 గ్రాముల బాణం అర గ్రాముకు కాస్త పైగా బరువు పెరిగితే చాలు, ఈ తేడా వచ్చేస్తుంది. కనుక గురికి మొదట కావలసింది కార్బన్ కాదు, బాణాలన్నీ ఒకేలా ఉండటం.

మరో విచిత్రం చూడండి. గాలి లేని హాలులో 18 మీటర్ల పోటీకి చాలామంది లావుపాటి బాణాలే కోరుకుంటారు. గీతను తాకినా పై వలయం పాయింట్లే ఇస్తారు కదా! అయితే 9.3 మిల్లీమీటర్లకు మించి లావుండరాదని నియమం.

అల్యూమినియం కాడ వంగితే సరిచేసుకోవచ్చు. కార్బన్ కాడ వంగదు, చీలుతుంది. చీలిన దాన్ని సంధిస్తే చేతిలో గుచ్చుకునే ప్రమాదముంది.

మా అమ్మాయి పాత అల్యూమినియం బాణాలు పది తెచ్చింది. ప్రయోగశాల త్రాసులో తూచి, బరువు కలిసిన ఆరింటిని ఏరుకుంది. ఖర్చు సున్న!

మీరూ చేసి చూడండి. ఒకే పొడవున్న వెదురు బద్దలను 71 సెంటీమీటర్ల ఎడంలో రెండు ఇటుకల మీద ఉంచండి. నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీసి, ఏది ఎంత వంగిందో స్కేలుతో కొలవండి. బాణాల కాడలను పరీక్షించే పద్ధతి ఇదే. రెండు బద్దలు ఒక్కలా వంగుతాయేమో చూడండి!