గొంతు పట్టేస్తే గోలీ మింగి ఊరుకోవద్దు

పైగొంతు కేన్సర్‌కు తొలి దశలో ఒక్క చికిత్సే చాలు.. మధ్యలో మానేస్తేనే ముప్పు

కుంభారి (షోలాపూర్): పొద్దున లేస్తే మిశ్రితో పండ్లు తోమడం, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం, రాత్రిపాళీలో సాంచె దగ్గర నిద్ర రాకుండా దవడన తంబాకు పెట్టుకోవడం.. షోలాపూర్ తెలుగు వాడల్లో ఇవి కొత్త అలవాట్లు కావు. కుంభారిలో 2006లో గోదూతాయి పరులేకర్ కాలనీ కింద 10 వేల మంది బీడీ కార్మిక మహిళలకు ఇళ్లొచ్చాయి. రే నగర్‌లో 2024 జనవరిలో మరో 15 వేల ఇళ్లు అప్పగించారు. ఇల్లు మారింది కానీ తంబాకు మాత్రం వెంటే వచ్చింది. 2012లోనే రాష్ట్రంలో గుట్కాను నిషేధించినా నమిలే అలవాటు పోలేదు.

గుర్తుపట్టేదెలా?

టాన్సిళ్లు, నాలుక మొదలు, కొండనాలుక చుట్టూ ఉండే మెత్తటి భాగం.. ఇదే పైగొంతు. నోరు తెరిచినా ఇక్కడి పుండు సులభంగా కనిపించదు. మూడు వారాలు దాటినా తగ్గని గొంతు నొప్పి, ఒకవైపే చెవిపోటు, మెడలో గడ్డ, మింగితే అడ్డం పడటం, ఉమ్మిలో రక్తం.. వీటిలో ఏది ఉన్నా చెవి-ముక్కు-గొంతు డాక్టరుకు చూపించాలి. ముక్క తీసి పరీక్ష చేస్తే జబ్బు పాకుతుందన్నది అపోహే. ఆ పరీక్ష లేనిదే చికిత్స మొదలు కాదు.

ఏ దశకు ఏ వైద్యం?

గడ్డ చిన్నగా ఉంటే ఆపరేషన్ లేదా కరెంటు (రేడియేషన్).. రెండింట్లో ఒకటి సరిపోతుంది. మెడ గడ్డలకు పాకితే సాధారణంగా రేడియేషన్‌తోపాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు రేడియేషన్ ఉంటుంది. కిడ్నీలు, వినికిడి బాగోలేనివారికి సిస్‌ప్లాటిన్ పడదు. అలాంటివారికి డోసిటాక్సెల్ కలిపితే మేలని ముంబయి టాటా మెమోరియల్ వైద్యుల అధ్యయనం తేల్చింది. 2023లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో రెండేళ్లపాటు జబ్బు లేకుండా ఉన్నవారు రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో 30 శాతం, డోసిటాక్సెల్ కలిపినవారిలో 42 శాతం.

ముక్కు వెనుక భాగంలో వచ్చే కేన్సర్ లెక్క వేరు. అక్కడికి కత్తి చేరడం కష్టం కనుక రేడియేషనే ప్రధాన వైద్యం.

రేడియేషన్‌కు ముందే పుచ్చుపళ్లు పీకించుకోవాలి. తర్వాత పీకితే దవడ ఎముక మానక ఇబ్బంది పెడుతుంది. నోరు ఎండిపోతుంది, పూతొస్తుంది, అన్నం సహించదు. కొందరికి ముక్కులోంచి గొట్టం వేసి జావ పోస్తారు. మింగే కసరత్తులు మానకూడదు. తంబాకు మాత్రం ఆ రోజే వదలాలి. కొనసాగిస్తే వైద్యం సరిగా పనిచేయదు.

పైసలెట్ల?

సాంచె ఆగితే వారం కూలి పోతుంది. అందుకే నొప్పి కాస్త తగ్గగానే చాలామందికి ఇంటికెళ్లాలనిపిస్తుంది. ముప్పు అక్కడే ఉంది. మధ్యలో ఆపిన రేడియేషన్‌తో మిగిలిన జబ్బు మళ్లీ తలెత్తుతుంది. మహాత్మా జ్యోతిరావు ఫులే జన్ ఆరోగ్య యోజన కింద ఏడాదికి కుటుంబానికి రూ.5 లక్షల వరకు వైద్యం ఉచితం. రేషన్ కార్డు, ఆధార్ వెంట తీసుకెళ్లాలి. బీడీ కార్మికుల గుర్తింపు కార్డుంటే కార్మిక శాఖ దవాఖానాలో కేన్సర్ సాయం గురించి అడగాలి. జిల్లాలోనే బార్షిలో నర్గీస్ దత్ స్మారక కేన్సర్ ఆస్పత్రి ఉంది.

చుట్టాలున్నారని హైదరాబాద్ రైలెక్కేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తెలంగాణ ఆరోగ్యశ్రీ మహారాష్ట్ర రేషన్ కార్డుకు వర్తించదు. ఆయుష్మాన్ కార్డున్నవారు అక్కడి ఆస్పత్రి ఆ పథకంలో ఉందో లేదో ముందే కనుక్కుని బయల్దేరాలి.

ఏడు వారాల కూలి పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. గొంతు పోతే తిరిగి రాదు.