చేతి గడియారముల సేకరణ

గడియారములను సేకరించుట ధనికుల వేడుకయని పలువురు తలంతురు. మేము అట్లు తలంపము. చూడవలసినది వెల కాదు, దాని వెనుకనున్న యోచన.

సోవియట్ దేశమున 1967లో వెలువడిన వోస్టోక్ ‘ఆంఫీబియా’ 200 మీటర్ల లోతునకు ఓర్చును. నీటి ఒత్తిడి పెరిగినకొలది దాని మూతలు మరింత బిగియును. స్విట్జర్లాండువారి ‘స్వాచ్’ 1983లో 51 భాగములతోనే వెలసి చౌకగా లభించెను. బెంగుళూరున హెచ్.ఎం.టి. వారు జపానుదేశపు సిటిజన్ సంస్థ తోడ్పాటుతో 1961లో నిర్మాణము ప్రారంభించిరి. అంధులు తడిమి వేళ తెలిసికొను గడియారములను కూడ చేసిరి. వారి కీ యిచ్చు ‘జనత’ కొన్ని యిండ్లలో నేటికిని నడచుచున్నది.

పాతది కొనునపుడు ముఖమునకు క్రొత్తరంగు పూసిరేమో పరీక్షింపవలెను.

విద్యార్థులారా! ముందు మీ యింటి పాత గడియారమును వెదకుడు. ఎవరు, ఎప్పుడు, ఏల కొనిరో పెద్దలనడిగి తెలుగున వ్రాసియుంచుడు. ఆ వ్రాత లేనిచో, రేపటివారికది వట్టి లోహమే.