ద్రాక్షతోటల యిల్లాండ్రు, నల్లమల నీరు

జర్మనీలోని వీల్ గ్రామమున 1975లో అణువిద్యుత్కేంద్రము కట్టఁబూనఁగా ద్రాక్షతోటల రైతులును వారి యిల్లాండ్రును ఆ స్థలమున బైఠాయించిరి. కేంద్రము లేవనే లేదు. అట్టి యుద్యమములనుండియే 1980లో గ్రీన్ పార్టీ పుట్టి, 1983లో పార్లమెంటున స్థానములు గెలిచెను. పెట్రా కెల్లీ యను వనిత దాని ప్రముఖులలో నొకతె. 2023 ఏప్రిల్ 15న ఆ దేశపు కడపటి మూఁడణుకేంద్రములును మూఁతపడెను. అందులకు సంతసింపనివారును అచ్చట లేకపోలేదు.

మన నంద్యాల సీమకు నీ కథ దూరము గాదు. 2019లో ఆళ్లగడ్డ ప్రాంతమున యురేనియము అన్వేషణకు బోర్లు వేయుటను గ్రామస్థులు వ్యతిరేకించిరి. ఆ సెప్టెంబరు 16న, కొండల కావల, తెలంగాణ శాసనసభయు నల్లమలలో యురేనియము తవ్వకములు వలదని తీర్మానించెను. ఇట్టి ప్రశ్న గ్రామసభకు వచ్చిన నాఁడు దానిని పురుషులకే విడువవలదని మా సోదరీమణులను గోరుచున్నాము. మహానంది కోనేటినీరు ఈ నల్లమలదే గదా!